చిన్న దుకాణానికి సోషల్ మీడియా: తక్కువ ఖర్చులో ఏం పెట్టాలి, ఎలా తీయాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

నెల్లూరు, కావలి, వెంకటగిరి, ఒంగోలు, కనిగిరి వైపు దుకాణాలు, మెస్సులు, ఇంటి వ్యాపారాలు నడిపేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. చేతిలో ఒక ఫోను, రోజుకు ఒక అరగంట తీరిక ఉన్నవాళ్ల కోసం రాసిన జవాబులు.

ముందు ఎక్కడ ఖాతా తెరవాలి? ఇన్‌స్టాగ్రామా, ఫేస్‌బుక్కా?

రెండూ కాదు, ముందు గూగుల్ మ్యాప్స్. "దగ్గర్లో టైలర్", "నెల్లూరు మలై కాజా" అని వెతికే మనిషి కొందామనే వెతుకుతాడు. రీల్ చూసే మనిషి పొద్దుపోక చూస్తుంటాడు. మ్యాప్స్‌లో దుకాణం కనపడాలంటే తెరవాల్సిన గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు రూపాయి ఖర్చు లేదు. దుకాణం నిజంగా ఉందని నిరూపించడానికి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, పక్క దుకాణాల బోర్డులు, మీ బోర్డు, లోపలి సరుకు, ఆ తర్వాత మీరు షట్టర్ తాళం తీయడమో గల్లాపెట్టె తెరవడమో చూపించాలి. ఇదంతా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోగా, కనీసం 30 సెకన్లు తీయాలి. ముక్కలు అతికిస్తే తిప్పికొడతారు. పేరు దగ్గర బోర్డు మీదున్న పేరే రాయండి. "నంబర్ వన్ హోల్‌సేల్ శారీస్ నెల్లూరు" అని తోక తగిలిస్తే ప్రొఫైల్ నిలిపివేసే అవకాశం ఉంది.

ఆ తర్వాత వాట్సాప్ బిజినెస్. ఈ రెండూ సర్దుకున్నాకే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఏదో ఒకటి. బ్లౌజులు, కేకులు, మెహందీ అయితే ఇన్‌స్టాగ్రామ్. విత్తనాలు, పంపుసెట్లు, ఇంటి సామాన్లు అయితే ఫేస్‌బుక్. నాలుగు చోట్లా తెరిచి నాలుగూ ఎండబెట్టడం కంటే ఇది మేలు.

రోజూ ఏం పెట్టాలో తోచడం లేదు. ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయి?

గల్లా దగ్గర నుంచే. ఒక చిన్న నోటుపుస్తకం పక్కన పెట్టుకుని వారం రోజులు కస్టమర్లు అడిగిన ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లోనే రాయండి. ఫోన్లో అడిగినవీ, వాట్సాప్‌లో అడిగినవీ కూడా. వారం తిరిగేసరికి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలేవో తెలుస్తాయి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వీడియో, లేదా ఒక్కో ఫోటో.

బియ్యం కొట్టును తీసుకోండి. మొలగొలుకులు కొనేవాళ్లు అడిగేది "పాతవా, కొత్తవా? గ్లాసుకు ఎన్ని నీళ్లు?" అని. పాత బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతాయి, కొత్తవి తక్కువలోనే మెత్తబడతాయి. రెండు గిన్నెల్లో ఒకే గ్లాసు బియ్యం, ఒకే కొలత నీళ్లతో వండి, రెండు అన్నాలనూ గరిటెతో తిరగేసి చూపించండి. మాట అక్కర్లేదు, కింద ఒక వాక్యం చాలు. ఏడాది తర్వాత కూడా ఆ వీడియో పనికొస్తుంది.

ఒంగోలులో గ్రానైట్ అమ్మేవాళ్ల దగ్గర ప్రశ్న వేరు: "వంటగట్టుకు మొత్తం ఎంతవుతుంది?" పది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు గట్టంటే 20 చదరపు అడుగుల రాయి. కోతలో పోయే ముక్క అదనం. అంచు నునుపు చేయడం మామూలుగా అడుగు పొడవు చొప్పున వేరే లెక్క. సింకు, స్టవ్ రంధ్రాల కోతకు ఇంకో కూలి. ఈ లెక్కను కాగితం మీద పెన్నుతో వేస్తూ పైనుంచి తీయండి. కొటేషన్ చూసి కస్టమర్ "ముందు ఇంత చెప్పలేదే" అనే గొడవ సగం తగ్గుతుంది. చీమకుర్తి గెలాక్సీ రాయిని చూపించేటప్పుడు ఫోన్‌ను మెల్లగా పక్కకు వంచాలి. అందులోని బంగారు చుక్కలు వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడే మెరుస్తాయి. రాయిని తడిపి మాత్రం తీయొద్దు. తడిపితే ఏ రాయైనా నల్లగా నిగనిగలాడుతుంది, ఇంటికి చేరిన పొడి పలక చూసి మోసపోయామనుకుంటారు.

చేపల మెస్సుకు సముద్రమే క్యాలెండర్ ఇస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో "వంజరం ఎందుకు లేదు, ఎందుకింత ధర?" అని అందరూ అడుగుతారు. నిషేధం సంగతి చెప్పి, ఈ రెండు నెలలు కొరమేను, చెరువు చేపల పులుసు ఉంటుందని ఏప్రిల్ రెండో వారంలోనే పెట్టేయండి. రొయ్యల మేత, మందులు అమ్మే దుకాణానికైతే ఇంకా సులువు. రోజూ పొద్దున్నే 30 కౌంట్ (కిలోకు 30 రొయ్యలు) నుంచి 100 కౌంట్ దాకా ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే చాలు, రైతులు మీ స్టేటస్ కోసమే ఫోన్ తీస్తారు.

ఏ వ్యాపారానికైనా పనికొచ్చేది ఇంకొకటుంది: దారి చూపించే వీడియో. గాంధీబొమ్మ దగ్గరో, మద్రాసు బస్టాండ్ దగ్గరో, ఒంగోలైతే అద్దంకి బస్టాండ్ దగ్గరో మొదలుపెట్టి మీ గుమ్మం దాకా నడుస్తూ తీసి, వేగం పెంచి 15 సెకన్లకు కుదించండి. బండి ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూపించండి. దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పైన పిన్ చేయండి. "అన్నా, ఏడ ఉండాది మీ షాపు?" అనే ప్రతి ఫోనుకూ ఆ లింకే జవాబు.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

మొదటి నెల సున్నా అయినా నడుస్తుంది. పెడదామనుకుంటే ఒక ట్రైపాడ్, ఒక వైరున్న కాలర్ మైకు, ఒక తెల్ల థర్మాకోల్ షీటు. మామూలు రకాలు తీసుకుంటే అన్నీ కలిపి రెండు వేలు దాటవు. రింగ్ లైటు కొనకండి. గాజులు, నగలు, స్టీలు సామాను మీద ఆ గుండ్రటి వెలుగు చక్రంలా పడి అసలు వస్తువు కనపడదు. కిటికీ పక్కన వస్తువు పెట్టి, వెలుతురు రాని వైపు థర్మాకోల్ షీటు నిలబెడితే నీడ మెత్తబడుతుంది. ఎడిటింగ్‌కు వీఎన్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా వాళ్ల ఎడిట్స్, యూట్యూబ్ క్రియేట్ వంటి ఉచిత యాప్‌లున్నాయి; పోస్టర్లకు కాన్వాలో తెలుగు ఫాంట్లున్నాయి.

ఫోన్ మంచిదే, వీడియో మాత్రం మసకగా, గీతలు గీతలుగా వస్తోంది. ఎందుకు?

మసకకు చాలాసార్లు కారణం లెన్స్ మీది జిడ్డు. పులుసు గిన్నె దగ్గర, దోసె పెనం దగ్గర తీసేవాళ్లు ప్రతి షాటుకు ముందూ మెత్తటి బట్టతో తుడవాలి.

గీతలు ట్యూబ్‌లైట్ వల్ల. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు. చవకరకం ఎల్ఈడీలు, పాత చోకు ట్యూబ్‌లైట్లు ఆ లెక్కన సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ, సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోన్‌కు ఆ లెక్క కుదరక నల్లటి పట్టీలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. ఫోన్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 పెట్టండి, 25 ఫ్రేములు ఉంటే అదైనా సరే. ఈ సెట్టింగులు లేకపోతే లైటు ఆర్పేసి గుమ్మం దగ్గరికి రండి. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత వెలుతురు బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం మన ఎండలో తీస్తే సగం బొమ్మ తెల్లగా కాలిపోతుంది, సగం నల్లబడుతుంది.

ఎడిటింగ్ వచ్చిన మేనల్లుడికి వీడియో పంపి, తిరిగొచ్చాక నాణ్యత పోయిందనేవాళ్లు చాలామంది. వాట్సాప్ మామూలుగా పంపే వీడియోను కుదించేస్తుంది. అటాచ్‌మెంట్‌లో "డాక్యుమెంట్" ఎంచుకుని పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

చీర ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు అంటున్నారు.

దుకాణంలో పసుపు లైట్లు, బయటి నుంచి పగటి వెలుతురు రెండూ కలిసినప్పుడు ఫోన్ తికమకపడుతుంది. ఒకే రకం వెలుతురు ఉంచండి. చీర పక్కన తెల్ల కాగితం పెట్టి మొదటి ఫోటో తీయండి. కాగితం ఫోటోలో పసుపుగానో నీలంగానో కనపడితే రంగు తప్పుతున్నట్టే, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా చేసే సెట్టింగు) సరిచేసుకోండి. ఎరుపు, రాణీ రంగుల్ని ఫోన్లు మరీ ఎక్కువ చేసి చూపిస్తాయి, ఫిల్టర్లన్నీ తీసేయండి. జరీ అంచు తెల్లగా మెరిసి డిజైన్ కనపడకపోతే, తెర మీద ఆ అంచు దగ్గరే వేలు కాసేపు నొక్కిపట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి జరపండి.

వెంకటగిరి చీరకు నాలుగు షాట్లు చాలు: మడతల మీద చీర, పమిట పూర్తిగా పరిచి, బుటా దగ్గరగా, ఆ బుటానే వెనక వైపు తిప్పి. నేత తెలిసిన కస్టమర్ మొదట వెనక వైపే చూస్తుంది. మెత్తదనం ఫోటోలో తెలియదు కాబట్టి చీరను పిడికిట్లో పట్టి వదిలే అయిదు సెకన్ల వీడియో జత చేయండి. వివరాల్లో పొడవు, బ్లౌజు ముక్క ఉందా లేదా, కాటనా పట్టా, మగ్గం నేతా మరనేతా అన్నది కచ్చితంగా రాయాలి.

ఒక చిన్న వీడియో మొదటి నుంచి చివరిదాకా ఎలా తీయాలి?

చేపల పులుసు అమ్మే మెస్సు అనుకుందాం. పొద్దున వంట జరుగుతుండగానే తీయాలి, విడిగా "షూటింగ్" పెట్టుకుంటే నాలుగో రోజుకే మానేస్తారు.

ఫోన్ నిలువుగా, వీడియో నాణ్యత 1080 (ఫుల్ హెచ్‌డీ), సెకనుకు 30 ఫ్రేములు (షాటు గుమ్మం వెలుతురులో అయితే). చేప ముక్కలు కడుగుతున్న చేతులు మూడు సెకన్లు, చింతపండు పిసకడం మూడు, నూనెలో తాలింపు చిటపటలు నాలుగు, పులుసులో మామిడికాయ ముక్కలు పడటం మూడు, నూనె పైకి తేలిన గిన్నె అయిదు, చివరికి వేడి అన్నం మీద గరిటెతో పోయడం అయిదు. మొత్తం 23 సెకన్లు. కూర్చేటప్పుడు చివరి షాటును తెచ్చి మొదట పెట్టండి. మొదటి రెండు సెకన్లలో పులుసు కనపడకపోతే వేలు పైకి జరిగిపోతుంది. ఆవిరి కనపడాలంటే వెలుతురు గిన్నె వెనక వైపు నుంచి రావాలి, ఎదురుగా కాదు. వెనక ముదురు రంగు గోడో, నల్ల గుడ్డో ఉంటే ఆవిరి ఇంకా తేటగా కనపడుతుంది. ఫోన్‌ను సరిగ్గా గిన్నె మీదికి వంచకండి, లెన్స్ మంచుపట్టినట్టవుతుంది.

తాలింపు శబ్దం అలాగే ఉంచండి, దానికంటే మంచి సంగీతం దొరకదు. పెద్ద అక్షరాల్లో "ఈరోజు కొరమేను పులుసు, ప్లేటు ఇంత, పన్నెండు నుంచి" అని తెర మధ్యలో రాయండి. తెర కింది మూడో వంతు మీద పేరు, క్యాప్షన్, కుడి అంచున లైకుల గుర్తులు కమ్మేస్తాయి. ఫోన్ నంబరును అడుగున రాసి, ఎవరూ ఫోన్ చేయడం లేదనుకునేవాళ్లు దీన్ని గమనించరు.

రోడ్డు మీద హారన్ల మోతలో మాట వినపడటం లేదు.

ట్రంకు రోడ్డు మీద దుకాణమైతే దృశ్యం అక్కడ తీసి, మాట వేరేచోట రికార్డు చేసి కలపండి. బట్టల బీరువాలున్న గదో, చీరల గోడౌనో అయితే గుడ్డలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. ఖాళీ గదిలో మాట్లాడితే బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోండి. ఫ్యాను ఆపండి.

కెమెరా ముందు నిలబడాలంటే సిగ్గు. పైగా మా మాట పల్లెటూరి మాట.

ముఖం అక్కర్లేదు, చేతులు చాలు. మగ్గం వర్కు చేసే సూది, ఉదయగిరి చెక్క గరిటెను నునుపు చేసే చెయ్యి, టైరుకు పంక్చర్ వెతికే నీళ్ల తొట్టి: ఇవన్నీ ముఖం లేకుండానే చూడబుద్ధవుతాయి. మాట విషయానికొస్తే, కస్టమర్‌తో మాట్లాడినట్టే మాట్లాడండి. "ఏందక్కా, జాకెట్టు చంక దగ్గర పట్టేస్తా ఉందా?" అని మొదలుపెట్టిన టైలర్ వీడియోను మనవాళ్లు ఆగి చూస్తారు. టీవీ యాంకర్ తెలుగు తెచ్చిపెట్టుకుంటే మీకూ కష్టం, వినేవాళ్లకూ కష్టం. చెన్నై, బెంగళూరు, అమెరికాల్లో ఉన్న నెల్లూరోళ్లు మన యాస వినపడితేనే నలుగురికి పంపిస్తారు, కాజాలు, పచ్చళ్లు పార్సిల్ తెప్పించుకునేది వాళ్లే.

సినిమా పాట పెట్టుకోవచ్చా?

వ్యాపార ఖాతాకు వద్దు. ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ ఖాతాల్లో చాలా పాటలు కనపడకపోవడానికి కారణం అదే: వ్యాపార వాడకానికి ఆ పాటల హక్కులు లేవు. పర్సనల్ ఖాతాలోకి మారి పాట పెట్టేసినా వాడకం వ్యాపారమే అవుతుంది. శబ్దం తీసేయవచ్చు, వీడియోనే తొలగించవచ్చు, హక్కుదారు నుంచి నోటీసూ రావచ్చు. మెటా సౌండ్ కలెక్షన్, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది.

ధర పెట్టాలా? పక్క దుకాణంవాడు చూస్తాడు కదా.

పక్క దుకాణంవాడికి మీ ధర ఎలాగూ తెలుసు. తెలియనిది కస్టమర్‌కే. "ధర కోసం మెసేజ్ చేయండి" అన్నచోట చాలామంది అడక్కుండానే వెళ్లిపోతారు, అడిగిన కొద్దిమందికీ మీరు జవాబిచ్చేసరికి రాత్రవుతుంది. కొలతను బట్టి మారే ధర అయితే "ఇంత నుంచి మొదలు" అని రాసి, ఏది కలిస్తే పెరుగుతుందో చెప్పండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపేది) పంపితే సగం మందికి చేరడం లేదు.

మీ నంబరును వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. ఒక జాబితాకు 256 మంది పరిమితి. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త సరుకు ఫోటోలు వస్తాయి" అని చెప్పాలి. గల్లా ముందు క్యూఆర్ కోడ్ అంటించండి, స్కాన్ చేస్తే చాట్ తెరుచుకునేది వాట్సాప్ బిజినెస్‌లోనే దొరుకుతుంది. వారానికి ఒకటి, పండుగ సీజన్లో రెండు. రోజూ పంపితే బ్లాక్ చేస్తారు. చాలామంది బ్లాక్, రిపోర్ట్ నొక్కితే మీ నంబరే పోయే ప్రమాదం ఉంది. అందరినీ గ్రూపులో వేయడం అసలే వద్దు, ఒకరి నంబరు ఇంకొకరికి కనపడుతుంది, ఆడవాళ్లకు అది ఇబ్బంది.

కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. మొదట ఎక్కువగా అమ్ముడయ్యే 20 పెట్టండి, అయిపోయినవాటిని దాచేయండి. "లేదండీ, అయిపోయింది" అని రెండుసార్లు వింటే మూడోసారి అడగరు.

పండుగ శుభాకాంక్షల పోస్టర్లు పనిచేస్తాయా?

చేయవు. సంక్రాంతి రోజున ఊళ్లో ప్రతి దుకాణమూ అదే ముగ్గు, అదే గాలిపటం పెడుతుంది; లోగో వేలితో మూస్తే ఎవరిదో చెప్పలేం. పండుగకు ముందు వచ్చే ప్రశ్నకు జవాబివ్వండి. వరలక్ష్మీ వ్రతానికి జాకెట్టు కుట్టించాలంటే ఆఖరు తేదీ ఏది? నెల్లూరు రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు, దర్గామిట్ట వైపు జనం కిటకిటలాడతారు, మీ మెస్సు ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు బండి ఎక్కడ పెట్టాలి? అలాంటి పోస్టును హోటల్ వెతుక్కునేవాళ్లు సేవ్ చేసుకుంటారు.

ఎన్నింటికి పెట్టాలి?

కొనే నిర్ణయానికి గంట ముందు. భోజనం పదకొండింటికి, సాయంత్రం చిరుతిళ్లు నాలుగింటికి, బట్టలు రాత్రి ఎనిమిది దాటాక. వారానికి మూడు పోస్టులు చాలు, రోజూ పెట్టే వాట్సాప్ స్టేటస్ వేరు.

డబ్బు పెట్టి బూస్ట్ చేయాలా?

మొదటి రెండు నెలలు వద్దు. ఆ తర్వాత, డబ్బు పెట్టకుండానే బాగా నడిచిన పోస్టునే బూస్ట్ చేయండి. నడవని పోస్టుకు డబ్బు పోస్తే నడవని పోస్టే ఇంకా ఎక్కువమందికి కనపడుతుంది. రోజుకు రూ.200 చొప్పున అయిదు రోజులు, 18 శాతం జీఎస్టీతో కలిపి రూ.1,180. ఆడియన్స్‌ను "ఆటోమేటిక్" వదిలేయకండి. మ్యాప్ మీద మీ దుకాణం దగ్గర పిన్ పెట్టి, మెస్సుకు ఏడెనిమిది కిలోమీటర్లు, పెళ్లి చీరలకు జిల్లా అంతా అని హద్దు గీయండి. లక్ష్యం దగ్గర లైకులు కాదు, వాట్సాప్ మెసేజ్‌లు ఎంచుకోండి.

ఫుడ్ వ్లాగర్ ఉచితంగా భోజనం పెడితే వీడియో చేస్తానంటున్నారు.

చేయించుకోవచ్చు, కానీ ముందు రెండు విషయాలు అడగండి: మీ ఫాలోయర్లలో ఎంతమంది మన జిల్లావాళ్లు (ఇన్‌సైట్స్‌లో ఊరివారీగా కనపడుతుంది, స్క్రీన్ చూపించమనండి), వీడియో ఎన్నాళ్లు తీసేయకుండా ఉంచుతారు? ఉచిత భోజనం కూడా ప్రతిఫలమే. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా చెప్పాలి. ఫలానా మాట అనాలని పట్టుబట్టకండి. ఇంకోటి, ఆ వారం పులుసు రోజుకంటే రెట్టింపు వండే ఏర్పాటు ఉంటేనే పిలవండి. వీడియో చూసి వచ్చినవాళ్లకు "అయిపోయింది" అంటే గూగుల్‌లో ఒక చుక్క రేటింగులు పడతాయి.

ఒక చుక్క రేటింగు పడింది. చెడ్డ రివ్యూకు ఏం చేయాలి?

ఒక రోజు ఆగి, నాలుగు వాక్యాల్లో జవాబివ్వండి: ఏం జరిగింది, ఏం సరిచేశారు, ఎవరికి ఫోన్ చేయాలి. వాదించొద్దు, ఆ జవాబు చదివేది రాసినవాడు కాదు, రేపు రాబోయేవాడు. మంచి రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని ఆశ పెట్టడం గూగుల్ నియమాలకు విరుద్ధం.

ఇంట్లో చేసే పచ్చళ్లు, పొడులు అమ్ముతున్నాం. పోస్టుల్లో ఏం జాగ్రత్త?

14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ప్యాకెట్ మీద ఉండాలి, ఫోటోలో కనపడితే నమ్మకం కూడా. తయారీ తేదీ, బరువు దగ్గరగా తీసి చూపించండి. "షుగర్ తగ్గుతుంది", "కీళ్లనొప్పులు మాయం" అని మాత్రం రాయకండి. రోగాలు నయమవుతాయని ప్రకటించడం మీద 1954 నాటి చట్టమే ఉంది, మధుమేహం ఆ జాబితాలో ఉంది. ఏ నూనె, ఏ కారం, ఎంత ఉప్పు అని చెప్పండి చాలు.

కస్టమర్ల ఫోటోలు పెట్టొచ్చా?

అడిగి, వాట్సాప్‌లో "సరే" అని వచ్చాకే. పిల్లల ఫోటోకు తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. బ్లౌజు ఫోటోకు ముఖం, ఇంటి నేపథ్యం కత్తిరించండి.

"మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో మూసేస్తాం" అని మెసేజ్ వచ్చింది.

ఆ లింకు నొక్కకండి. నిజమైన నోటీసు యాప్ లోపల "అకౌంట్ స్టేటస్"లో ఉంటుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఈరోజే పెట్టుకోండి. ఖాతాను పనిలో ఉన్న కుర్రాడి నంబరుతో, మెయిల్‌తో తెరవొద్దు. అతను మానేసిన రోజున పేజీ కూడా మానేస్తుంది. పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి, మీ బ్యాంకు యాప్‌లో డబ్బు పడిందో చూసుకోండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

లైకులు చూడకండి. కొత్త కస్టమర్‌ను "మా షాపు ఎట్టా తెలిసిందండీ?" అని అడిగి అదే నోటుపుస్తకంలో గీత పెట్టండి: గూగుల్, వాట్సాప్, రీలు, ఎవరో చెప్పారు. దానికి తోడు గూగుల్ ప్రొఫైల్‌లో ఎంతమంది కాల్ నొక్కారు, ఎంతమంది దారి అడిగారు అన్న నెలవారీ అంకెలు చూడండి. మూడు నెలలైనా రీలు పేరు కింద గీతలు పడకపోతే రీళ్లు ఆపేసి, ఆ అరగంటను వాట్సాప్ కేటలాగ్ సర్దడానికి వాడండి.